తాడు మాస్టారు

ఏం లెక్కే అది, ఇందాకట్నించీ పెన్సిలు కొరుకుతున్నావ్? ఏదీ, గట్టిగా చదువు. ఇరవై మీటర్ల ఎత్తునించి రాయి వదిలితే నేల తాకేటప్పటికి వేగమెంత... హూఁ. ఇరవై. సెకనుకి ఇరవై మీటర్లు. నోరు మూసుకో, ఈగ దూరుతుంది. మా పెద్దన్నయ్య సైన్సు మాస్టారు కదే, మీ అమ్మ పెళ్ళికి ముందే పోయాడు. ఊళ్ళో అందరూ తాడు మాస్టారనేవాళ్ళు. ఎందుకంటావా? అదే చెప్తున్నా, ఆ దిండు ఇలా తొయ్యి, ఈ మోకాలొకటి నన్ను బతకనివ్వదు.

మా చిన్నన్నయ్యకి చదువబ్బక గోడలకి రంగులేసే పనికి పోయాడు. భలే సరదా మనిషి, నిచ్చెన మీదనించే కిందవాళ్ళని వెక్కిరించేవాడు. ఒకరోజు నీళ్ళ ట్యాంకుకి రంగేస్తూ జారాడు. ఆ ట్యాంకూ ఇరవై మీటర్లే. నడుముకి తాడు లేదు, కట్టుకోమన్నవాడూ లేడు. పెద్దన్నయ్య ఏడవలేదు. మాకు భయమేసింది అందుకే. ఆ ఏడాది బళ్ళో అన్నీ చెప్పాడుగానీ, ఈ పాఠం వస్తే పేజీలు తిప్పేసేవాడు. హెడ్మాస్టరు పిలిచి, ‘ఏమయ్యా, పరీక్షలో వచ్చేదే ఇది, పిల్లల్ని ముంచుతావా’ అన్నాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు. మర్నాడు అన్నయ్య బోర్డు మీద నీళ్ళ ట్యాంకు బొమ్మేశాడట. ‘కిందికొచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది, సెకనుకి పది చొప్పున. మొదటి సెకనయ్యేసరికి పది, రెండోది అయ్యేసరికి ఇరవై. అప్పటికి నేలొచ్చేస్తుంది. బరువుతో పనిలేదు, సుత్తైనా మనిషైనా ఒకటే. ఇరవై అంటే పెద్దరోడ్డు మీద లారీ వేగం’ అన్నాడట. ఆ సాయంత్రంనించీ మొదలు. ఎక్కడ నిచ్చెన కనిపించినా సైకిలు దిగడం, ‘తాడేదిరా?’ అని అరవడం. ‘మీ పని మీరు చూసుకోండి మాస్టారూ’ అని మేస్త్రీలు కసిరినా, పైవాడు తాడు కట్టుకునేదాకా కదిలేవాడు కాదు. పిచ్చోడన్నారు. పోనుపోనూ ఆ మేస్త్రీలే, ‘కట్టుకోండ్రా, మాస్టారొస్తాడు’ అనేవాళ్ళు. ఆయన పోయినప్పుడు బడివాళ్ళకంటే రంగులవాళ్ళే ఎక్కువమంది వచ్చారు.

దాంతో మనసు కుదుటపడిందంటావా? ఏమోనే. ఇంట్లో మా అమ్మది ఒకటే గొడవ. ‘వాడు ఎంతసేపు పడ్డాడురా? లెక్కలొచ్చినవాడివి, నువ్వు చెప్పు.’ ‘రెప్పపాటమ్మా, వాడికి తెలిసే ఉండదు’ అని తప్పించుకునేవాడు అన్నయ్య. చివరికి ఒకపూట అన్నం ముందు కూర్చుని, విసిగిపోయాడో, ఇంక అబద్ధం నోటికి రాలేదో, ‘రెండు సెకన్లు’ అనేశాడు. అమ్మకి సెకన్ల సంగతేం తెలుసు? ‘అంటే ఎంత, చూపించు’ అంది. అన్నయ్య చేత్తో బల్లమీద ఒకసారి తట్టి, ఆగి, మళ్ళీ తట్టాడు. ‘ఇంకోసారి’ అంది. తట్టాడు. ఆ రెండు దెబ్బల మధ్యా అమ్మ పెదాలు కదిపి చూసుకుంది. చూసుకుని, ‘అమ్మా అని పిలవడానికి చాలురా’ అంది.

అన్నయ్య చెయ్యి అలా బల్లమీదే...

సర్లే. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, చలేస్తోంది.