మోకాలి కింద నా చెయ్యి

మీరు చెబితే బిగుస్తుంది, నేను చెబితే బిగవదు. మనిషిని చూసి నడుచుకునే కండరం ఏం కండరమండీ?

లేదు, కూర్చోను. మా అమ్మాయి బట్టలు మార్చుకుని వచ్చేలోగా చెప్పేసి పోతాను, డాక్టరమ్మా. దాని ముందు నాకు నోరు పెగలదు.

ఇందాక టేపుతో కొలిచి మీరేమన్నారు? మోకాలి లిగమెంటు కుట్టి నెల దాటింది, తొడ ఇంకా చిక్కిపోతూనే ఉంది, ఇంట్లో వ్యాయామం సరిగ్గా చేయిస్తున్నారా అని. శుక్రవారం సర్జన్ చూసేనాటికి కాలు తిన్నగా లేవకపోతే చంకకర్రలు తియ్యనివ్వరనీ, ఆట సంగతి ఇక మరిచిపొమ్మనీ.

చేయిస్తున్నానన్నాను. అది నిజమే. రోజుకు నాలుగుసార్లు.

ఇక్కడైతే మీరు దాని తొడమీద ఆ తీగల బిళ్ళలు అంటిస్తారు. ‘బిగించు, ఇంకా, ఇంకా’ అంటారు. కండరం బిగిసినకొద్దీ తెరమీద గీత లేచి నిలబడుతుంది. ‘చూశావా అక్కా’ అని మీకేసి చూసి నవ్వుతుంది. పక్కనే సంచీ పట్టుకుని నేనుంటాను. ‘చూశావా అమ్మా’ అనదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారే, అదీ నేను.

ఇంటికెళ్ళినా మీ జపమే. అక్క ఇంత గబగబా లెక్కపెట్టదు. అక్క విసుక్కోదు. నిజమేలెండి, మీకు వారానికి రెండు గంటలు. నాకు పంతొమ్మిదేళ్ళు.

మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టమన్నారు కదా, దాన్ని మోకాలితో గట్టిగా అదమాలని? ఆ తువ్వాలు నేను తీసేశాను.

అలా చూడకండి. తీసి, నా చెయ్యి పెట్టాను. దాని కండరం మేలుకోవడం మీకు తెరమీద కనబడుతుంది. నాకు ఏ తెర ఉంది? నా అరచేతికైనా తెలియాలనిపించింది.

ఈ చెయ్యే. మూడేళ్ళ కిందట మెట్లమీద పడితే మణికట్టు విరిగింది. అతికింది గానీ వంకర పోలేదు, చూడండి. అప్పుడు మా అమ్మాయి ఆటల క్యాంపులో ఉంది. ఎలా ఉన్నావని ఫోనైనా చెయ్యలేదు.

ఆ చేతిని ఎక్కడ నలిపేస్తానోనని దాని భయం. పళ్ళు బిగించేది, దుప్పటి పట్టుకుని గుంజేది. మోకాలు మాత్రం నా అరచేతిలో దూదిపింజలా వాలి ఉండేది.

నాకు రెండోరోజే అర్థమైంది. ‘అమ్మా, నొప్పెడుతోందా’ అంది. ‘కొంచెం’ అన్నాను.

నొప్పి లేదండీ. ఏమాత్రం లేదు.

మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. ఒక పూట నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, మణికట్టు నిమిరింది. నేను మళ్ళీ ‘కొంచెం’ అన్నాను. నెల్లాళ్ళూ అదే మాట. దాని తొడ నా కళ్ళముందే కరిగిపోతుంటే, అదే మాట.

అదిగో, కర్రల చప్పుడు. వస్తోంది.

తువ్వాలు సంచీలోనే ఉంది. ఇవాళ్టినుంచి ఇదే పెడతాను. మీరొక పని చెయ్యండి. అయిదు దాకా లెక్కపెట్టి ఈ ఫోనులో రికార్డు చేసివ్వండి. మీ గొంతు వింటేనే దాని కాలు లేస్తుందిగా, లేవనివ్వండి.

ఇంట్లో అది చేస్తున్నంతసేపూ నేను గది బయట కూర్చుంటాను. ఎందుకని అడిగితే, చెయ్యి నొప్పని చెబుతాలెండి.