నోరెత్తకూడని పరీక్ష

ఉదయం పదకొండు గంటలకు మరిది తన ఫోను వదిన చేతిలో పెట్టాడు. ఉద్యోగం మానేశాక అతను సొంతంగా తయారుచేసిన మొదటి వెబ్‌సైటు అందులో ఉంది. అది ఒక పశువైద్యురాలిది. మధ్యాహ్నం ఆమెకు చూపించాలి.

“కుక్కకు జబ్బు చేసిందనుకో వదినా. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకో. నేను నోరెత్తను. కొత్తవాళ్ల చేతికిచ్చి ఊరుకోవాలని పొద్దున ఎక్కడో చదివాను.”

“నువ్వు ఊరుకోవడం కూడా చూస్తానన్నమాట. సరే, ఈ కుక్కబొమ్మ నొక్కాను. ఏమీ కాలేదే.”

“అది ఉత్త బొమ్మ వదినా.”

“నోరెత్తనన్నావు.”

అతను కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు.

“ఎందుకలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతావు? కూర్చో.”

“పైన మూలన మూడు గీతలున్నాయి చూడు. నొక్కితే అన్నీ వస్తాయి.”

“గీతలు నొక్కాలని నాకెలా తెలుస్తుంది నాయనా?”

“ఇప్పుడు అందరూ అలాగే పెడుతున్నారు. పేజీ శుభ్రంగా ఉంటుంది.”

“శుభ్రంగానే ఉంది. ఈలోపు నా కుక్క పోయింది.”

“ఆవిడకి నచ్చకపోతే మళ్లీ ఆ పాత ఆఫీసు మెట్లెక్కాలి వదినా.”

“అయితే నాతో వాదిస్తావేం? నేను నొక్కిన చోటే తలుపు పెట్టు.”

అతను లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

మధ్యాహ్నం పశువైద్యురాలు సైటు తెరిచి, ముందుగా కుక్కబొమ్మనే నొక్కింది. అపాయింట్‌మెంట్ పేజీ వచ్చింది. మరిది నోరెత్తలేదు.