గోడ మేస్త్రీ

ఏమన్నావ్, ఏమన్నావ్? రెండుసార్లు తొక్కితే పడుతోందా బ్రేకు? మళ్ళీ అను. నా ముందన్నావు కాబట్టి సరిపోయింది, మా గోడ మేస్త్రీ ముందు అని ఉంటే ఆ తాళంచెవి ఈపాటికి నీ చేతిలో ఉండేది కాదు. ముందు ఇంజను ఆపి దిగు. మీ అమ్మ రైలు ఇంకో గంటకి గానీ రాదు, నాకు తెలుసు. తొందరేం లేదు. కూర్చోవే అమ్మలూ, తాత దగ్గర కాసేపు కూర్చుంటే అరిగిపోవు.

గోడ మేస్త్రీ అంటే గోడలు కట్టేవాడు కాదు. నేను పనిచేసిన బ్రేకుల షెడ్డు ఆయనది. పోయి నలభై ఏళ్ళు దాటిపోయింది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, మాటంతా ముక్కుతోనే, సాగదీసి, "ఏరా... అయిందా..." అని. ఉత్త కాలితో తొక్కేవాడు పెడలు, చెప్పు వేసుకుంటే బ్రేకు అబద్ధం చెబుతుందట. బండి పక్కకి లాగుతుంటే ఒక చక్రం పట్టి ఇంకోటి పట్టట్లేదనీ, కీచుమంటే లైనింగు అరిగిందనీ వీధి చివర ఉండగానే చెప్పేసేవాడు. ఇంతకీ గోడ సంగతి. బ్రేకు పని చేసిన ఏ బండైనా సరే, ఓనరు చేతికిచ్చే ముందు ఆయన షెడ్డు చివర గోడకి వీపు ఆనించి నిలబడేవాడు. పని ఎవడు చేశాడో వాడే బండి తోలుకుంటూ ఆయన మీదికి రావాలి. మనిషి నడిచేంత వేగం, అంతే. ఆయన "ఊ" అనేదాకా పెడలు ముట్టుకోకూడదు. వాళ్ళావిడ నెత్తి కొట్టుకునేది, "మీకేమన్నా అయితే ఈ గోడతో కాపరం చేయనా నేను?" అని. "చెయ్యి, అది నాకంటే తక్కువ మాట్లాడుతుంది, సుఖపడతావు" అనేవాడు. ఆవిడ గరిటె విసిరేది. గరిటె తగిలేది, బండి మాత్రం ఎప్పుడూ తగల్లేదు. నేనొచ్చేదాకా తగల్లేదు.

నేనప్పటికే మూడు షెడ్లలో గెంటించుకున్నవాణ్ణి. నోరు. నవ్వకు, ఇప్పుడు చాలా తగ్గింది. ఆ నాలుగో షెడ్డులోనే ఓ మూల రెండు గోనెసంచులు పరుచుకుని పడుకునేవాణ్ణి. ఆ పని పోతే అన్నంతో పాటు నెత్తి మీద రేకు కూడా పోతుంది. అర్థమైందా? అదీ నా పరిస్థితి. అలాంటప్పుడు వచ్చింది పంతులమ్మ కారు. కారుకి నాకంటే ఎక్కువ వయసు. ఆవిడ గొంతు తగ్గించి, ఏదో తప్పు చేసినట్టు చెప్పింది, "అబ్బాయ్, ఒక్కోసారి కాలు వేస్తే బురదలో వేసినట్టు దిగిపోతోంది. మళ్ళీ తొక్కితే బాగుంటోంది. ముసలిదానివి, నీ భ్రమ అంటున్నారు మా ఇంట్లో" అని. నేనూ మనసులో అదే అనుకున్నా, పైకి మాత్రం "పూటలో చేసిస్తా చూడండి టీచరుగారూ" అని షెడ్డంతా వినేలా అరిచా. నాలుగు చక్రాలూ విప్పా. ఎక్కడా ఆయిలు తడి లేదు. లైనింగులు మార్చా, గొట్టాల్లో గాలి తీశా, తొక్కి చూశా. రాయిలా ఉంది పెడలు! ఉండదా మరి, నా కాలికో పాడలవాటు, తలుపు కొట్టినట్టు టకటకా రెండుసార్లు తొక్కడం. చివర్లో ఎందుకో ఒక్కసారి తొక్కి అలాగే పట్టుకున్నా. మెల్లగా, నిద్రలో తల వాలినట్టు, దిగుతోంది. దిగుతోందే! నాకు తెలిసిపోయింది. మళ్ళీ తొక్కా, గట్టిగా ఉంది. "ఆఁ, ఏముందిలే" అనుకున్నా. షెడ్డంతా చాటుకున్నాక ఇప్పుడు నా వల్ల కాలేదని ఏ మొహంతో చెప్పను?

మేస్త్రీ టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. "అయిందా?" అయింది. "ఎన్నిసార్లు తొక్కితే పట్టింది?" ఒక్కసారికే. గ్లాసు మీంచి నా వంక చూశాడు. "మళ్ళీ చెప్పు." ఒక్కసారికే మేస్త్రీ. "అయితే రా" అని వెళ్ళి గోడకి ఆనుకున్నాడు. టీ తాగుతూనే ఉన్నాడు మహానుభావుడు! పంతులమ్మ చేతిసంచీ గుండెకి హత్తుకుని చూస్తోంది. నేను కదిలా. వస్తున్నా, వస్తున్నా, ఆయన "ఊ" అనడు. అన్నాడు. తొక్కా. పెడలు కాదే, నా ప్రాణం దిగిపోయింది నేల దాకా. రెండోసారి తొక్కి, రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు లాగి, కళ్ళు మూసుకున్నా. తెరిస్తే బంపరు ఆయన మోకాళ్ళకి ఆనుకుని ఉంది. కదల్లేదు ఆ మనిషి. గ్లాసు బానెట్టు మీద పెట్టి, ముక్కుతో, ఒక్కటే మాట, "రెం...డు."

తర్వాత పంతులమ్మతో, "అమ్మా, మీది భ్రమ కాదు. ఇంట్లో చెప్పండి, మేస్త్రీ చెప్పాడని" అన్నాడు. ఆవిడ మొహం చూడాలి! పెడలు తొక్కితే ఆయిల్ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ విప్పితే లోపలి రబ్బరు కప్పు అరిగిపోయి ఉంది. బయటికి చుక్క కారదు, ఆయిలు లోపల్లోపలే వెనక్కి జారిపోతుంది. నేను మూలకి పోయి సంచులు మడతపెట్టుకుంటున్నా. వచ్చి నిలబడ్డాడు. నేనే అడిగా, అనుమానం ఉంటే ఎందుకు నిలబడ్డారు అని. "అనుమానమేంట్రా, నువ్వు చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడే తొక్కి చూశా." తెలిసీ నిలబడ్డారా? "మధ్యలో ఆపి దిగి చెబుతావనుకున్నా. 'ఊ' అనేదాకా అనుకుంటూనే ఉన్నా." అంతే అన్నాడు. కాస్త కుంటుతూ వెళ్తూ వెళ్తూ, "ఆ సంచులు దులిపి పరుచుకో, దుమ్ము" అన్నాడు. వారం రోజులు ఆయన మోకాళ్ళకి కాపడం పెట్టింది వాళ్ళావిడ, కాపడానికో తిట్టు నాకు. పదకొండేళ్ళు చేశా అక్కడ.

సరే, ఇప్పుడు చెప్పు. నీ బ్రేకు ఎన్నిసార్లకి పడుతోంది? ఒక్కసారికేనా? ఇందాక రెండన్నావే! రైలు టైమయ్యేసరికి ఒకటైపోయిందా? మంచిది. ఎక్కు. నేనా? ఆ ప్రహరీ దగ్గరికి. ఆ కర్ర ఇలా ఇవ్వు. అదిగో, ఆనుకున్నా. "ఊ" అనేదాకా తొక్కకు. రా... రావేం? రావే, తాతకి మోకాళ్ళు ఎలాగూ పనిచేయట్లేదు... ఏం, దిగిపోయావేం?

ఊఁ. టాక్సీకి ఫోన్ చెయ్యి. ముందు సీటు ఖాళీగా ఉంచమను, మీ అమ్మకి వెనక కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి.