మూత తీసి ఉన్న ట్యాంకు

హలో… ఆ, నేనే, పంకజవల్లిని… ఎస్తేరా. ఐరాల నుంచేనా, అమ్మా…

— ల్యాబ్ టెక్నీషియన్‌గా అనుభవ పత్రమా… ఇస్తాను. పెట్టేయకు, ముందు నేను చెప్పేది విను… లేదు, తిట్టడానికి కాదు.

— కణాలు లెక్కపెట్టే మన ఫ్లో సైటోమీటరు ఈ ఉదయం బాగుపడింది. ఇంజనీరు మునిప్రసాద్ వచ్చి విప్పాడు. కణాలు మళ్లీ ఒక్కొక్కటిగా కదులుతున్నాయి… కాదు, రక్తం ముద్దకట్టి అడ్డుపడలేదు. నువ్వు శాంపిల్ వడకట్టకుండా పెట్టావని నేను రాసిన ఉత్తరం, నీ కాంట్రాక్టు ఆపించిన ఆ ఉత్తరం… అబద్ధం.

— అవును. అది ఆగిన మొదటిరోజే చెప్పావు. 'ఉత్త నీళ్లు పెట్టినా ఆగిపోతాండాది మేడమ్, తప్పు శాంపిల్‌లో లేదు' అన్నావు. నీళ్లకూ ఆగిందంటే అడ్డు యంత్రం గొట్టంలోనే ఉన్నట్టు. పరీక్షలో ఎవరైనా ఆ జవాబు రాస్తే పూర్తి మార్కులు వేసేదాన్ని. నిన్ను మాత్రం అందరి ముందర 'నీది పుత్తూరు కట్టు పని, నాటువైద్యం' అన్నాను.

— … మీ నాయన కాలు విరిగితే ఆ కట్టే నిలబెట్టిందా… తెలియదు. అయితే ఆ మాటా తప్పే.

— ఏం దొరికిందా… తులసాకు. ఉప్పునీటి ట్యాంకు నుంచి యంత్రంలోకి పోయే గొట్టం మూతికి అంటుకొని ఉంది… నవ్వు. నవ్వవలసిందే.

— అవును, ఆయుధపూజ నాడే. యంత్రం మీద తీర్థం చల్లింది నేను. మూత తీసి ఉన్నది చూసుకోలేదు.

— మూత తీసింది నువ్వే, కాదనను. ట్యాంకు నింపుతున్నావు. సగంలో…

— ఉండు. నేను ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటాను. 'సాంకేతిక లోపం' అని ప్రిన్సిపాల్‌గారికి రాస్తాను. సోమవారం వచ్చి చేరు…

— … సాంకేతికం కాదా… కాదు. నిజమే.

— సగంలో నిన్నెందుకు బయటికి పొమ్మన్నానా… గది ఇరుకని… … ఏడుగురున్నాం, అవును. ఇరుకైంది నీ ఒక్కదానితోనేనా, అంటున్నావు.

— ఎస్తేరూ, మర్యాదగా వినిపించే కారణం ఒకటి వెతుక్కున్నాను. దొరకలేదు. నువ్వు చర్చికి వెళ్లే పిల్లవని. పూజ దగ్గర నువ్వు ఉండకూడదనిపించింది. అంతే.

— అందరి ముందరా చెప్పాలా… ఇప్పుడేనా… సరే. అన్నది వాళ్ల ముందరే కదా. అడగడం న్యాయం. లైనులో ఉండు.

— వకుళా, ధనంజయా, లోపలికి రండి. ల్యాబులో వాళ్లందరినీ పిలవండి… తలుపు వేయకండి. ఫోన్‌లో ఎస్తేరు ఉంది. స్పీకరు వేస్తున్నాను… ఎస్తేరూ, వినపడుతోందా… మంచిది.

— ఆయుధపూజ నాడు ట్యాంకుకు మూత వేసే వ్యవధి కూడా ఇవ్వకుండా ఎస్తేరును బయటికి పంపింది నేను. క్రైస్తవురాలని పంపాను. ఆ ట్యాంకులో తులసాకు పడింది నా చేతి తీర్థంతో. నింద మాత్రం తన మీద వేసి, మీ అందరి ముందరా…

— ఎస్తేరూ…

— ఎస్తేరూ…

— పెట్టేసింది.

— వద్దు ధనంజయా, మళ్లీ కలపవద్దు. వెళ్లకండి, కూర్చోండి. నేను ఇంకా ముగించలేదు.