ఎడమ సీటు కొలత

తాటిపాక రోడ్డు మీద పోలయ్య వెల్డింగ్ షెడ్డు. జయప్రకాష్ కార్ల ర్యాలీ పందేల్లో తోలే పాత జిప్సీ జీపుని లోపలి సామానంతా పీకి అక్కడ నిలబెట్టారు. ఆరేళ్ళుగా ఎడమ సీట్లో కూర్చుని అతనికి దారి చెప్పే అభిలాష్ ఇవాళ పెళ్ళికొడుకంత హుషారుగా ఉన్నాడు, పాపం.

“...అదేనండి నేననేది. లోపల ఇనప గొట్టాల పంజరం బిగిస్తే అరవై కేజీల బరువు పెరుగుద్దండి. కావాలో వద్దో మీరిద్దరూ ఒక మాట అనుకోండి, అప్పుడు గొట్టం కోస్తాను.”

“అనుకునేదేముంది పోలయ్య బాబాయ్, పెట్టెయ్. మూడేళ్ళ నుంచి వీడి కాళ్ళావేళ్ళా పడుతున్నాను. ఏరా ప్రకాషూ, పెట్టిద్దామన్నావు కదా?”

“అన్నానురా.”

“మరి మొహం అలా పెట్టేవేంటి? మళ్ళీ బరువు గొడవేనా?”

“బరువు కాదులే.”

“కాదా? నిరుడు ఆలమూరు కాలవ గట్టు మీంచి బోల్తా కొట్టి, టాపు నొక్కుకుపోయి నా తల మీదకి దిగింది. అప్పుడు కూడా బరువే అన్నావు. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది, సంతోషం. బాబాయ్, టేపు తే. హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటాను.”

“ఎందుకులెండి అభిలాష్ బాబూ.”

“ఎందుకేంటి? కూర్చునేవాడి తల కొలత లేకుండా గొట్టం ఎలా వంచుతావు?”

“ఆయ్... కొలత ఉందండి.”

“నాదా? ఎప్పుడు తీసేవు?”

“ప్రకాష్ బాబూ, మీరే చెప్పండి. మధ్యలో నాకెందుకండి. నేనలా వెళ్ళి టీ తాగొస్తాను.”

“ఆగు బాబాయ్. సీటు వెనక ఈ సుద్దముక్క గీత ఇంత పైకుందేంటి? నేనింత పొడుగు లేను కదా.”

“ఒరే అభీ... నిన్న దత్తసాయి వచ్చేడురా.”

“ఏ దత్తసాయి?”

“రాజోలు దత్తసాయి.”

“రెండుసార్లు మనల్ని ఓడించిన బండిలో దారి చెప్పినవాడా? వాడికిక్కడేం పని?”

“ఈసారి నా పక్కన కూర్చుంటానన్నాడు. పంజరం ఉంటేనే ఎక్కుతానన్నాడు.”

“వాడడిగేడని పెట్టించేస్తున్నావు.”

“అదికాదురా, వాళ్ళావిడ ఒప్పుకోదంట...”

“మా హేమ ఒప్పుకుందా? ‘మీ ఆయన్ని భద్రంగా తీసుకొస్తానమ్మా’ అని మా గుమ్మంలో నిలబడి ఒట్టేసేవు. ఆ ఒట్టు నమ్మి పంపింది. ఇప్పుడు దానికేం చెప్పమంటావు?”

“నేనొచ్చి చెప్తాన్రా.”

“నిన్న వాడి తల కొలిపించేవు. ఇవాళ పొద్దున్నే నాకు ఫోన్ చేసి, రారా, పంజరం పెట్టిద్దాం అన్నావు. మరి నన్నెందుకు పిలిచేవు?”

“నువ్వు రాసుకున్న దారి పుస్తకాలున్నాయి కదా... అవి వాడికిస్తావేమోనని.”

“ఆరేళ్ళవి?”

“కోప్పడకురా. నిన్ను వద్దనుకోవడం నాకు మాత్రం బాగుంటుందా? కానీ నీకు కుడి చెవి వినబడట్లేదు కదా. తోలుతూ నేనేదైనా అడిగితే నీకు అందట్లేదు. మొన్న రెండు మలుపులు తప్పేం. ఇలాగైతే ఓడిపోతాంరా.”

“అవును, వినబడట్లేదు. ఆ చెవి నిరుడు ఈ సీట్లోనే పోయిందిరా. పంజరం పెడితే ఓడిపోతామన్నావు, నమ్మి కూర్చున్నాను.”