సౌభాగ్య నోటుబుక్కు

తలుపు తీయకపోతే పోనీలేమ్మా అర్పితా, నేను ఈడనే గడపకాడ కూచుంటాను. మోకాళ్ళు నొస్తా ఉండాయి, ఐనా కూచుంటాను. పొద్దున మీ నాయన నీ ఫోను పట్టుకోని, ఆ పిల్లోడికి నువ్వు రాసింది అందరి ముందరా చదివినాడు. తప్పే. కన్నతల్లిని, నేనూ నవ్వినాను. అదీ తప్పే. ఏమంటివి? పొమ్మంటివా? పోను. మీ చిన్నమ్మ, నా చెల్లెలు సౌభాగ్య సంగతి చెప్పి పోతాను. ఫోటోలో చూసినావు కదా, రెండు జడలు, పన్ను మీద పన్ను. నాకంటే మూడేండ్లు చిన్నది.

దానికి అప్పుడు పదమూడు. మా ఇంట్లో పట్టుపురుగులు మేపుతా ఉన్న కాలం. పడసాల నిండా తట్టలే, మనుషులకు కాళ్ళు చాపను చోటుండేది కాదు, మీ తాత ఐతే... సరే, అది వద్దు. ఇస్కూల్లో నాగేశ్ అని ఒకడు, పదో క్లాసు, గంట కొట్టేవాడు. అంతే వాడి గొప్ప. వాడికి దీని పేరు గూడా తెలీదు. ఇది సైన్సు నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకొంటా వచ్చింది. 'ఈ పొద్దు గంట మెల్లిగా కొట్టినాడు. నిన్న దగ్గుతా ఉన్నాడు, మందు తాగినాడో లేదో. ఈ పొద్దు రాలేదు.' అంతే తల్లీ, ఇంగేమీ లేదు. ఆ బుక్కు నా చేతికి చిక్కింది. నోరు మూసుకోని పెట్టేయచ్చు కదా? అందరూ పురుగులకు ఆకు తరుగుతా ఉంటే గట్టిగా చదివినాను. మా అవ్వ మునిలక్ష్మమ్మ, 'మొగోడి దగ్గులు ఎంచను పంపించినామా దీన్ని ఇస్కూలుకు!' అనింది. మా మామ ఆవులప్ప, 'పెండ్లిపత్రిక అచ్చేయించల్లా అక్కా?' అని మా అమ్మను అడిగినాడు. అప్పటినించి అది అన్నానికి కూచుంటే చాలు, ఎవురో ఒకరు ఖళ్ళుమని దగ్గేది, మిగతావాళ్ళు నవ్వేది. నెల దినాలు. అది తినేది తగ్గించింది. 'తినకుండా ఎవురిని సాధిస్తావే?' అని దానికి మళ్ళా తిట్లు.

అదే ఇంట్లో, అదే నెలలో పురుగులు జ్వరానికి కూచున్నాయి. జ్వరమంటే, పొర విడిచే ముందర పురుగు మేత ముట్టదు, తల ఎత్తుకోని కదలకుండా ఉంటాది. అప్పుడు ఆకు వేయరు, తట్ట కదిలించరు. 'మెల్లిగా నడవండి, పురుగులు జ్వరంలో ఉండాయి' అని మా అవ్వ అందరి నోళ్ళూ మూయించేది. పురుగులకు, చూడు! మా బుద్ధిని దేంతో కొట్టల్ల?

సౌభాగ్య ఇంగ మాతో ఏమీ చెప్పేది మానేసింది. ఏమడిగినా 'ఏమీ లేదక్కా.' మరుసటేడు మామిడికాయల కాలంలో మూడు దినాలు కడుపునొప్పి. నా పక్కనే పండుకొనింది, నాకు తెలీదు. నాలుగో దినం పడిపోతే కోలారు ఆస్పత్రికి ఎత్తుకోని పోయినాం. లోపల పేగు పగిలిపోయిందంట. డాక్టరు, 'ముందే ఎందుకు చెప్పలేదమ్మా?' అని దాన్నే అడిగినాడు. అది నా పక్క చూసి, 'నవ్వుతారని' అనింది. దాన్ని ఇంటికి ప్రాణంతో తీసుకరాలేదు.

ఫోను ఇదో, గడప మీద పెట్టినాను. ఆ పిల్లోడు ఎవురని అడగను. అడగాలనే ఉండాది, ఐనా అడగను. నీకు యాడన్నా నొప్పిగా ఉంటే మాత్రం... సంగటి మూత పెట్టి ఉంచినాను. తినమని చెప్పను. ఏమి? లేదులేమ్మా, ఏడుస్తా లేను. ఆవుకు గడ్డి వేసేది మరిచినాను, అదొకటి అరుస్తా ఉండాది.