నాన్న మిషను

ఉదయం యోగా తరగతి ముగిసింది. మెట్ల మీద అన్న తమ్ముణ్ణి ఆపాడు.

"కళ్ళు మూసుకుని ఎవరిని వాళ్ళు చూసుకోమన్నారుగా గురువుగారు! నెల రోజులుగా చిన్నప్పుడు నేను చేసిన కర్మే కళ్ళ ముందు నిలబడుతోందిరా. నాన్న కుట్టుమిషను విరగ్గొట్టింది నేను. దెబ్బలు తిన్నది నువ్వు."

"నాకు తెలుసన్నయ్యా."

"తెలిసీ ముప్పై ఏళ్ళు నోరెత్తలేదా?"

"మిషను బాగుచేయించాక నన్ను దాన్ని ముట్టుకోనివ్వనన్నాడు నాన్న. అయినా నువ్వు ఆయనకు తెలియకుండా పక్కన కూర్చోబెట్టుకుని కుట్టు నేర్పావు. ఈరోజు నా ఇల్లు గడిచేది ఆ పనితోనే."

"పాపం కడుక్కుందామని నేర్పానురా."

"ఎందుకైతేనేం, ఓపిగ్గా నేర్పావు. రోజూ నిన్ను తలుచుకునే దుకాణం తెరుస్తాను."

"నీకు దండం పెట్టాలిరా."

"పెద్దవాడివి, నువ్వు పెడితే నా ఆయుష్షు తగ్గుతుంది. దగ్గరికి తీసుకో, చాలు."